ఇరవై ఏడో నంబర్ హెల్మెట్

కెల్‌రిడ్జ్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఆ ఏడు కొత్త హెడ్ కోచ్ వచ్చాడు. పేరు లైల్ బెకర్ట్. అంతకుముందు సీజన్‌లో జట్టు పది ఆటలాడి రెండు గెలిచింది. ఆగస్టు పదకొండు, సోమవారం ఉదయం అతను తొంభై ఆరుమంది ఆటగాళ్లను జిమ్‌లో కూర్చోబెట్టి పదకొండు నిమిషాలు మాట్లాడాడు. మూడు విషయాలు చెప్పాడు. ప్రాక్టీస్ ఇకనుంచి ఐదున్నరకి. ఎవరి స్థానమూ ఎవరిదీ కాదు, ప్రతి వారం సంపాదించుకోవాలి. మూడోది చెప్పేముందు గోడవారగా నిలబడి ఉన్న ప్రణీతను ముందుకు రమ్మన్నాడు.

"తలకు దెబ్బ తగిలిందని ఈమె అనుకుంటే మీ హెల్మెట్ తీసుకుంటుంది. ఆ క్షణం నుంచి అది ఈమెది. మీరు అడిగినా ఇవ్వదు. నేను అడిగినా ఇవ్వకూడదు."

ప్రణీత ఆ జట్టుకు ట్రైనర్. దెబ్బలు చూడటం, కట్లు కట్టడం, ఎవరు ఆడవచ్చో ఎవరు ఆడకూడదో టీమ్ డాక్టర్‌కి చెప్పడం ఆమె పని. షామ్‌బర్గ్ ఊళ్లో పుట్టిన తెలుగమ్మాయి. ముప్ఫై ఏళ్లు. ఆ కాలేజీలో ఆరేళ్లుగా ఉంది. హెల్మెట్ తీసుకోవడం ఆమె పెట్టిన పద్ధతి కాదు, అన్ని జట్లలోనూ ఉన్నదే. హెల్మెట్ లేనివాడు మైదానంలోకి పోలేడు. వాదన అక్కడితో అయిపోతుంది. కానీ దాన్ని ఒక కోచ్ అందరి ముందూ పైకి చెప్పడం ఆమె వినడం అదే మొదటిసారి.

ఆ గురువారం బేస్‌లైన్ టెస్టులు జరిగాయి. సీజన్ మొదలవకముందు ప్రతి ఆటగాడూ కంప్యూటర్ ముందు కూర్చుని ఇరవై ఐదు నిమిషాల పరీక్ష రాస్తాడు. మాటలు చూపిస్తారు, గుర్తుపెట్టుకోవాలి. బొమ్మలు చూపిస్తారు, పోల్చుకోవాలి. తర్వాత ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలితే అదే పరీక్ష మళ్లీ పెట్టి రెండు మార్కులూ పక్కపక్కన చూస్తారు. పాత మార్కులు తిరిగి వస్తే తల కుదుటపడినట్టు లెక్క.

పాత కోచ్ దీనికి మూడు రోజులిచ్చేవాడు. బెకర్ట్ ఒక్క ఉదయం ఇచ్చాడు. ఐదున్నర నుంచి ఏడున్నర దాకా ప్రాక్టీస్, ఏడూ నలభై ఐదుకి లైబ్రరీలో పరీక్ష. ముప్ఫై రెండు కంప్యూటర్లు, మూడు విడతలు. ఇది తక్కువ సమయమని ప్రణీత ఒకసారి అంది. రెండోసారి అనలేదు.

ఫలితాల్లో నాలుగు పేర్ల పక్కన చుక్క పడింది. మార్కులు ఉండవలసిన దానికంటే తక్కువని కంప్యూటర్ పెట్టే గుర్తు అది. ముగ్గురిని ప్రణీత మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టింది. నాలుగోవాడు కౌస్తుభ్.

"పదకొండేంట్రా?" అంది. వందమందిలో కింద నుంచి పదకొండో స్థానం, మాటలు గుర్తుపెట్టుకోవడంలో.

"అక్కా, ఫోర్ థర్టీకి లేచాను. స్క్రీన్ చూస్తుంటే ఐస్ క్లోజ్ అయిపోయినాయి."

"మళ్లీ రాయాలి."

"రాస్తా, రాస్తా. బట్ నీకు తెలుసు కదా నేను డంబ్ కాదని. సండే స్కూల్‌లో నాకు ఫస్ట్ ప్రైజ్ ఇచ్చింది ఎవరు?"

ఇచ్చింది ప్రణీతే. పదకొండేళ్ల కిందట అరోరాలో గుడి కింద హాల్లో ఆదివారం తెలుగు క్లాసు జరిగేది. ఆమె కాలేజీలో చదువుతూ అక్కడ పాఠం చెప్పేది. కౌస్తుభ్‌కి అప్పుడు పదేళ్లు. ఉగాదికి స్టేజి ఎక్కి ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాల పేర్లూ ఒక్క ఊపులో చెప్పాడు. పద్దెనిమిదో పేరు తారణ, అతను పుట్టిన సంవత్సరం. అది వచ్చినప్పుడు చేత్తో గుండె మీద కొట్టుకున్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది.

అదే ఆమెతో తప్పు చేయించింది. తెలియని కుర్రాడైతే ఆ పదకొండుని ఆమె అలా వదిలేది కాదు, మళ్లీ పరీక్ష పెట్టేది. కౌస్తుభ్ బుర్ర ఎలాంటిదో ఆమెకు తెలుసు. దాన్ని కంప్యూటర్ చెప్పక్కర్లేదనుకుంది. మొదటి ఆట వారంలోకి వచ్చింది. ఫైల్లో చుక్క ఎదురుగా తన చేత్తో రాసింది: "ప్రాక్టీస్ అలసట. మళ్లీ అవసరం లేదు." కింద సంతకం పెట్టింది.

*

జట్టు గెలవడం మొదలుపెట్టింది. కౌస్తుభ్ సేఫ్టీ ఆడతాడు. తన జట్టులో అందరికంటే వెనక నిలబడి, ఎదుటివాళ్లు విసిరే పొడుగు బంతులను ఆపాలి. ముందున్న పదిమందికీ ఎవరు ఎటు కాయాలో అరిచి చెప్పేది కూడా అతనే. నంబర్ ఇరవై ఏడు.

సెప్టెంబర్‌లో ఒక గెలుపు తర్వాత బస్సులో తిరిగి వస్తుంటే ఎవరో అతన్ని ఆ పేర్లు చెప్పమన్నారు. మొదటి ఏడాది నుంచీ అది వాళ్లకు ఆట. కౌస్తుభ్ సీటు మీద నిలబడ్డాడు. అతను ఒక్కో పేరు అంటుంటే బస్సంతా ఇంగ్లీషులో లెక్కపెట్టింది. వన్, టూ, త్రీ. అక్షయ దగ్గర సిక్స్‌టీ అని అరిచారు. ముందు సీట్లో బెకర్ట్ మెళ్లో ఉన్న స్టాప్‌వాచ్ నొక్కి పట్టుకున్నాడు. యాభై రెండు సెకన్లు. మర్నాడు డ్రెస్సింగ్ రూమ్ తలుపు పక్కన బోర్డు మీద ఆ అంకె రాసిపెట్టాడు. సీజన్ చివరిదాకా ఎవరూ చెరపలేదు.

కౌస్తుభ్ తల్లిదండ్రులు ఫణి, చంద్రిక ప్రతి ఆటకీ అరోరా నుంచి గంటన్నర డ్రైవ్ చేసుకుని వచ్చేవారు. పార్కింగ్ లాట్‌లో కారు డిక్కీ తెరిచి పులిహోర పంచేవారు. ముందు వరసలో ఆడే భారీ మనుషులు, లైన్‌మెన్, ఒక్కొక్కరు రెండేసి ప్లేట్లు తినేవారు. అక్టోబర్‌లో ఒకరోజు ఫణి ప్రణీతను పట్టుకుని చెప్పాడు.

"చిన్నప్పుడు వద్దన్నానమ్మా నేను. టెన్నిస్‌లో జాయిన్ చేస్తే రాకెట్ పక్కింటి వాడికిచ్చేసి వచ్చాడు. ఇప్పుడు చూడు, మా ఆఫీస్‌లో నా పేరు ఎవడికీ తెలీదు. ట్వంటీ సెవెన్ డాడ్ అంటారు."

"ఈయనకేం, అరుస్తూ కూర్చుంటారు," అంది చంద్రిక. "నాకు వాడు పడితే మళ్లీ లేచేదాకా ఊపిరాడదు. నువ్వు ఉన్నావని కాస్త ధైర్యం."

నవంబర్ ఒకటికి ఏడు ఆటలాడి ఏడూ గెలిచారు.

ఆ రోజు ఎనిమిదో ఆట, నాలుగు భాగాల్లో మూడోది. కౌస్తుభ్ బంతి పట్టుకున్నవాడి నడుము మీదికి దూకాడు. అవతలివాడి మోకాలు హెల్మెట్‌కి తగిలింది. కౌస్తుభ్ లేచాడు. బాగున్నానని బెంచీ వైపు చెయ్యెత్తాడు. ప్రణీత అతని చేతుల్నే చూస్తోంది. అతను గడ్డం కింది పట్టీ పెట్టుకోబోయాడు. అది పెట్టే ఉంది. మళ్లీ పెట్టుకోబోయాడు.

ఆట ఆపించి బయటికి తీసుకొచ్చింది. హెల్మెట్ తీసి తన ఐస్ పెట్టె వెనక పెట్టి, పెట్టె మీద కూర్చుంది.

"అక్కా, అయామ్ ఫైన్. సీరియస్‌గా."

"కూర్చో."

ఆ ఆట గెలిచారు. అతనికి స్కోరు గుర్తుంది. తనకు తగిలిన దెబ్బ గుర్తులేదు.

తర్వాతి శనివారం అతను లేకుండా ఆడారు. రెండో సంవత్సరం కుర్రాడు టైలర్ నోవాక్‌ని ఆ స్థానంలో పెట్టారు. నోవాక్ తల మీదుగా మూడు పొడుగు బంతులు వెళ్లాయి, మూడూ ఎదుటివాళ్లు పట్టారు. మొదటిసారి ఓడారు. ఎనిమిది గెలుపులు, ఒక ఓటమి. నవంబర్ పదిహేనున సొంత మైదానంలో మార్‌స్టన్ కాలేజీతో ఆఖరి ఆట. అది గెలిస్తే కాన్ఫరెన్స్ టైటిల్, తమతో ఆడే కాలేజీలన్నిట్లో మొదటి స్థానం. కెల్‌రిడ్జ్‌కి అది వచ్చి ముప్ఫై ఒక్క ఏళ్లయింది.

*

సోమవారం ప్రణీత కౌస్తుభ్‌కి మళ్లీ పరీక్ష పెట్టింది. మాటల జ్ఞాపకం పన్నెండు వచ్చింది. ఆగస్టులో పదకొండు. తలనొప్పి లేదన్నాడు. వెలుతురు ఇబ్బంది లేదన్నాడు. కాగితం ప్రకారం అతను కోలుకున్నాడు.

ఆమె ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. దెబ్బ తగిలిన బుర్రకీ తగలని బుర్రకీ ఇంచుమించు ఒకే మార్కులు వచ్చాయి. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం. అబద్ధం ఏదో ఆమెకు అర్థమైంది. దాని కింద తన సంతకం ఉంది.

కోలుకోని తలకు రెండో దెబ్బ తగిలితే ఏమవుతుందో ఆమె చదువుకుంది. ఆడటం మానేయడంతో పోదు. కొందరు లేవరు.

బుధవారం మధ్యాహ్నం ఫణి ఫోన్ చేశాడు.

"నలభై మందికి టికెట్లు బుక్ చేశానమ్మా. మన వాళ్లంతా వస్తున్నారు. బ్యానర్ కూడా ప్రింట్ చేయించాం. గురువారం డాక్టర్ సైన్ చేస్తాడంట కదా?"

"ఇంకా తెలీదు అంకుల్."

"టెస్ట్ పాస్ అయ్యాడన్నాడే వాడు. డాక్టర్ ఓకే అంటే మధ్యలో నీకేంటి ప్రాబ్లెమ్? తప్పుగా అనుకోకు, మన పిల్లవే కాబట్టి అడుగుతున్నా. సీనియర్ ఇయర్. ఇదే లాస్ట్ గేమ్ వాడికి."

"తెలుసంకుల్."

అవతల ఫోన్ చేతులు మారింది. తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"నేను," అంది చంద్రిక. గొంతు తగ్గించింది. "ఆదివారం ఇంటికి వచ్చాడు. డైనింగ్ టేబుల్ దగ్గర లైట్ ఆపమన్నాడు. చెల్లి ఎక్కడుందని అడిగాడు, డాన్స్ క్లాస్‌కి వెళ్లిందన్నా. పది నిమిషాలకి మళ్లీ అదే అడిగాడు. ఆయనకి చెప్పలేదు. చెప్తే చదువుకునే టైంలో పరధ్యానం అంటారు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు నా చేత. వేశాను. చెప్తున్నాను."

*

గురువారం మూడు గంటలకు కోచ్ గదిలో నలుగురు కూర్చున్నారు. బెకర్ట్, టీమ్ డాక్టర్ ఓల్సెన్, ప్రణీత, కౌస్తుభ్. ఓల్సెన్ ఎముకల డాక్టర్. వారానికి ఒకసారి వస్తాడు. అతని చేతిలో క్లియరెన్స్ కాగితం ఉంది, కౌస్తుభ్ ఆడవచ్చని సంతకం పెట్టేది.

"మార్కులు తిరిగొచ్చాయి, లక్షణాలు లేవు," అన్నాడు ఓల్సెన్. "నాకు అభ్యంతరం కనబడటం లేదు."

"ఆగస్టు మార్కులు చెల్లవు," అంది ప్రణీత. "తక్కువ వచ్చాయని కంప్యూటర్ చుక్క పెట్టింది. నేను మళ్లీ పరీక్ష పెట్టలేదు. అక్కర్లేదని రాశాను. అది నా తప్పు."

బెకర్ట్ పెన్సిల్ కింద పెట్టాడు.

"ఎప్పుడు తెలుసు మీకు?"

"సోమవారం."

"ఈరోజు గురువారం."

"అవును."

ఓల్సెన్ కాగితం తిప్పి చూశాడు. "చెల్లవని మీరంటే సరిపోదు. దేని ఆధారంగా ఆపాలి ఇతన్ని?"

చంద్రిక ఒట్టు తప్పి చెప్పిన మాటలను కొడుకు ఎదుట బయటపెట్టడం ప్రణీతకు ఇష్టం లేదు. ఆమె కౌస్తుభ్ వైపు తిరిగింది. "సంవత్సరాలు చెప్పు," అంది తెలుగులో.

"ఇప్పుడా? అక్కా, కమాన్."

"చెప్పు. బస్సులో చెప్పినట్టు."

అతను కోచ్ వైపు చూశాడు. బెకర్ట్‌కి ఆ మాటలు అర్థం కాలేదు గానీ, కుర్రాడు కుర్చీలో నిటారుగా కూర్చుని ఊపిరి తీసుకోవడం చూసి ఏం జరగబోతోందో అర్థమైంది. పెన్సిల్ మళ్లీ తీసుకున్నాడు. ఒక ప్యాడ్ దగ్గరికి లాక్కున్నాడు.

కౌస్తుభ్ మొదలుపెట్టాడు. ప్రభవ, విభవ, శుక్ల. కోచ్ ఒక్కో పేరుకీ ఒక గీత గీశాడు. నాలుగు గీతల మీద ఐదోది అడ్డంగా. చిత్రభాను, స్వభాను, పార్థివ, వ్యయ. ప్రణీత కదలకుండా కూర్చుంది. తారణ రాలేదు. చెయ్యి గుండె మీదికి పోలేదు. గొంతులో తడబాటు లేదు, వేగం తగ్గలేదు. నున్నగా, ఏమీ తగ్గనట్టే సాగిపోయింది. అక్షయ దాకా వెళ్లి, "సిక్స్‌టీ," అన్నాడు. నవ్వాడు.

కోచ్ గీతలు లెక్కపెట్టాడు. రెండోసారి పెన్సిల్ మొనతో ఒక్కో కట్టనీ తాకుతూ లెక్కపెట్టాడు.

"యాభై ఏడు," అన్నాడు.

"నో, కోచ్. అరవై."

బెకర్ట్ ప్యాడ్ అతని వైపు తిప్పాడు.

"మీరు మిస్ అయ్యుంటారు."

"లెక్కపెట్టడం నా ఉద్యోగం," అన్నాడు బెకర్ట్.

"నువ్వు పుట్టిన సంవత్సరం ఏది?" ప్రణీత అడిగింది.

"తారణ."

"చెప్పావా?"

"చెప్పాను కదా." అతని నవ్వు కాసేపు ముఖం మీదే ఉండి, పోయింది. "చెప్పలేదా?"

ఓల్సెన్ గొంతు సవరించుకున్నాడు. "ఇది వైద్య పరీక్ష కాదు. దీనికి ప్రమాణం లేదు."

"లేదు," అంది ప్రణీత. "ఆగస్టుదీ పరీక్ష కాదు. రెండూ కాకపోతే మన దగ్గర ఏమీ లేనట్టు. ఏమీ లేకుండా మీరు దేని మీద సంతకం పెడతారు?"

కౌస్తుభ్ ఆమె వైపు వంగాడు. కోచ్‌కి తెలియకూడదని తెలుగులోనే గబగబా అన్నాడు. "అక్కా, ప్లీజ్. నేనొక్కణ్ణే చేశానా? అందరూ చేస్తారు. ఫ్రెష్‌మన్ ఇయర్‌లో సీనియర్స్ చెప్తారు, బేస్‌లైన్‌లో స్లోగా క్లిక్ చెయ్యి, కొన్ని రాంగ్ పెట్టు, అప్పుడు దెబ్బ తగిలినా పాస్ అవుతావని. నేను కొంచెం ఎక్కువ పెట్టా, అంతే. నువ్వు నా ఒక్కడి మీద పడితే ఎలా?"

"ఇంగ్లీష్‌లో చెప్పు."

"అక్కా."

"ఇప్పుడన్నది ఇంగ్లీష్‌లో చెప్పు. వాళ్లు వినాలి."

అతను తల దించుకున్నాడు. చెప్పాడు. రెండు వాక్యాల్లో చెప్పాడు.

"ఎంతమంది?" అన్నాడు బెకర్ట్.

కౌస్తుభ్ తలుపు వైపు చూశాడు.

"పేర్లడగడం లేదు. ఎంతమంది?"

"సగం, కోచ్. ఎక్కువేమో."

ఓల్సెన్ క్లియరెన్స్ కాగితాన్ని మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. సంతకం పెట్టలేదు. చింపనూ లేదు.

కౌస్తుభ్ వెళ్లిపోయాక బెకర్ట్ కిటికీ దగ్గర నిలబడి మైదానం వైపు చూస్తూ, "శనివారానికి నా దగ్గర నోవాక్ ఉన్నాడు," అన్నాడు. అది ప్రణీతతో అన్నట్టు లేదు.

*

శుక్రవారం ప్రణీత, కాలేజీ ఆటలన్నీ చూసే అథ్లెటిక్ డైరెక్టర్‌కి ఉత్తరం రాసింది. ఒక పేజీ. ఆగస్టు పద్నాలుగు నాటి పరీక్షలు నమ్మదగ్గవి కావని, తొంభై ఆరుమందికీ మళ్లీ పెట్టాలని, చుక్క పడిన ఒక ఫలితాన్ని తాను పరీక్ష లేకుండా కొట్టేశానని రాసింది. ఒక కాపీ బెకర్ట్ బల్ల మీద పెట్టింది. అతను ఆమె ఎదుటే చదివాడు.

"టెస్టులన్నీ ఒక్క ఉదయంలో, ప్రాక్టీస్ అయ్యాక, పెట్టించింది నేను. అది ఇందులో లేదు."

"ఇది నా తప్పుల ఉత్తరం," అంది ప్రణీత. "మీది మీరు రాసుకోండి."

సాయంత్రం నాలుగింటికి డైరెక్టర్ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. సోమవారం పది గంటలకు రమ్మని. వేరే ఏమీ లేదు.

*

శనివారం ఒంటిగంటకు ఆట మొదలైంది. అరోరా వాళ్లు నలభై మంది మూడు వరసల్లో కూర్చున్నారు. బ్యానర్ మీద ఇరవై ఏడు అంకె ఉంది. ఫణి దాన్ని విప్పలేదు, చుట్టిన చుట్టనే ఒళ్లో పెట్టుకున్నాడు. ప్రణీత వైపు చూడలేదు. చంద్రిక చూసింది.

కౌస్తుభ్ జెర్సీ వేసుకుని హెల్మెట్ లేకుండా మైదానం అంచు గీత పక్కన నిలబడ్డాడు. ఎండ లేకపోయినా నల్లద్దాలు పెట్టుకున్నాడు. హెల్మెట్ ప్రణీత ఐస్ పెట్టె వెనక ఉంది.

మూడో భాగం అయ్యేసరికి కెల్‌రిడ్జ్ ఇరవై ఒకటి, మార్‌స్టన్ పదిహేడు. నాలుగో భాగం మధ్యలో నోవాక్ తల మీదుగా ఒక బంతి వెళ్లింది. పట్టాల్సినవాడు జారవిడిచాడు. స్టేడియంలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

బెకర్ట్ గీత వెంట నడుచుకుంటూ ఆమె దాకా వచ్చాడు. ఐస్ పెట్టె వెనక్కి చూశాడు. ప్రణీత లేచి నిలబడింది.

"అడగడం లేదు," అన్నాడు. "చూశాను, అంతే."

తిరిగి వెళ్లిపోయాడు.

నలభై సెకన్లు మిగిలాయి. స్కోరు మారలేదు. బంతి మార్‌స్టన్ చేతిలో ఉంది. నాలుగో ప్రయత్నం, అదే ఆఖరిది, పదకొండు గజాలు కావాలి. రాకపోతే ఆట అయిపోతుంది, టైటిల్ వస్తుంది. వాళ్లు ఏ వరసలో నిలబడుతున్నారో కౌస్తుభ్ చూశాడు. గీత మీదికి పరిగెత్తాడు.

"ఈగిల్!" అని అరిచాడు. "నోవాక్! ఈగిల్! ఈగిల్!"

అతని పక్కనున్న లైన్‌మన్ పేరు గ్రేడీ. అతను కౌస్తుభ్ భుజం పట్టుకున్నాడు. "ఏంట్రా ఆ పిలుపు? వెనక్కి పొమ్మనడానికి అది తీసేశారు. మంగళవారం మీటింగ్‌లో మార్చారు కదా. ఇప్పుడు ఈగిల్ అంటే ముందుకు రమ్మని."

కౌస్తుభ్ నోరు తెరిచే ఉంది.

నోవాక్‌కి ఆ అరుపు వినిపించలేదు. నాలుగు వేలమంది కేకల్లో వినిపించే వీలు లేదు. అతను తన చోటే ఉన్నాడు, వెనక్కే పరిగెత్తాడు, వాళ్లు విసిరిన పొడుగు బంతి మీదికి చెయ్యి చాపాడు. ఒక్క అడుగు చాలలేదు. మార్‌స్టన్ కుర్రాడు అంచు మూలలో రెండు కాళ్లూ గీత లోపల ఉంచి పట్టుకున్నాడు. ఇరవై మూడు, ఇరవై ఒకటి. అదనపు పాయింటుతో ఇరవై నాలుగు. కెల్‌రిడ్జ్‌కి మిగిలిన ముప్ఫై మూడు సెకన్లలో ఏమీ కాలేదు.

ఆట అయిపోయాక జట్లు మైదానం మధ్యలో చేతులు కలుపుకున్నాయి. నోవాక్ పడినచోటే మోకాళ్ల మీద ఉన్నాడు. బెకర్ట్ అతని దగ్గరికి వెళ్లి లేపాడు. ఏదో చెప్పాడు, దూరానికి వినబడలేదు. తిరిగి వస్తూ ప్రణీత దగ్గర ఆగాడు.

"సోమవారం పదింటికి," అన్నాడు. "నేనూ వస్తున్నాను. నాది నేను రాశాను."

ఆమె తలూపింది. అతను సాగిపోయాడు.

కౌస్తుభ్ బెంచీ చివర కూర్చున్నాడు. నల్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ప్రణీత వెళ్లి పక్కన కూర్చుంది. హెల్మెట్ కోసం అడుగుతాడనుకుంది, లేదా నేనుంటే పట్టేవాణ్ణి అంటాడనుకుంది. దానికి ఏం చెప్పాలో గురువారం నుంచి అనుకుంటూనే ఉంది.

"అక్కా," అన్నాడు. "ట్యూస్‌డే మీటింగ్. నేను ఉన్నానా అక్కడ?"

"ఉన్నావు."

"ఎక్కడ?"

"ముందు వరసలో. నోట్స్ రాసుకున్నావు."

అతను మైదానం వైపు చూశాడు. ముందుకు రమ్మనే పిలుపు అది. తను హెల్మెట్ పెట్టుకుని ఆ చోట ఉండి ఉంటే, పదిమందికీ అదే అరిచి చెప్పేవాడు.

"నాకు గుర్తు లేదు," అన్నాడు.

"ఊఁ."

"ఇంకేం గుర్తు లేదో నాకెలా తెలుస్తుంది?"

ఆమెకు తెలియదు.

ఫణి, చంద్రిక మెట్లు దిగి కంచె దగ్గరికి వచ్చారు. ఫణి చంకలో బ్యానర్ చుట్ట ఉంది. ఓటమి గురించి ఏదో అనబోయి, కొడుకు ముఖం చూసి ఆగాడు. ప్రణీత కంచె దగ్గరికి వెళ్లింది.

"ఈ రాత్రికి ఇంటికి తీసుకెళ్లండి ఆంటీ. డ్రైవ్ చేయనివ్వొద్దు. ఫోన్, టీవీ వద్దు. సోమవారం పొద్దున న్యూరాలజిస్ట్ దగ్గరికి. నంబర్ పంపిస్తాను, నేనూ మాట్లాడతాను."

"చెల్లి గురించి రెండుసార్లు అడిగాడని చెప్పావా వాడికి?" అంది చంద్రిక.

"లేదు."

"నేను చెప్తాలే. కార్‌లో."

ఫణి ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. "ఏం అడిగాడు?" అన్నాడు. చంద్రిక బెంచీ వైపు చూపించింది. అతను బ్యానర్‌ని కంచెకి ఆనించి, గేటు తెరుచుకుని లోపలికి వచ్చాడు. బెంచీ దాకా నడిచి కొడుకు మోచెయ్యి కింద చెయ్యి వేశాడు. ఇరవై ఒక్క ఏళ్లవాణ్ణి, తనకంటే జానెడు పొడుగైనవాణ్ణి, మెట్టు ఉంది చూసుకో అంటూ నడిపించుకుని వెళ్లాడు.

ప్రణీత ఐస్ పెట్టె ఖాళీ చేసింది. హెల్మెట్ తీసింది. సీజన్ ముగిశాక హెల్మెట్లన్నీ సామాన్ల గదిలో తిరిగి ఇచ్చేయాలి, అల్మరాలో నంబర్ల వరసలో పెడతారు. ఇరవై ఏడు దగ్గర ఖాళీ ఉంది. ఆమె అందులో పెట్టలేదు. తన గదికి తీసుకెళ్లి ఫైళ్ల బీరువాలో, ఆగస్టు కాగితాల పక్కన పెట్టి, తాళం వేసింది.